ముందు నీళ్లు, ఆ తర్వాతే చేపలు

ప్రశ్న: మాది పాలకొల్లు, నరసాపురం మధ్య ఒక పల్లె. భీమవరంలో మాకు తెలిసినవారు హైదరాబాదుకు మారిపోతూ తమ అక్వేరియాన్ని స్టాండు, ఫిల్టరు, హీటరు, లైటుతో సహా 2,500 రూపాయలకు ఇచ్చేశారు. 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉంటుంది. బెత్తెడు పొడవున్న షార్కు చేపను కూడా దాంతోపాటే ఇచ్చారు. తొట్టి, రంగు రాళ్లు, ఫిల్టరు స్పాంజీ అన్నీ సబ్బు పొడితో శుభ్రంగా కడిగి, వారం రోజులు ఎండబెట్టాం. మేం తాగే మినరల్ వాటర్ టిన్నులు ఐదు తెచ్చి పోశాం. ఆ సాయంత్రమే నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, ఎనిమిది చిన్న రంగు చేపలు కొని, షార్కుతో పాటు వదిలాం. మూడో రోజుకు నీళ్లు తెల్లగా మసకబారాయి. చేపలన్నీ పైకి వచ్చి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. దుకాణంలో అడిగితే నీలం మందు ఇచ్చారు. ఆరో రోజుకు షార్కు తప్ప అన్నీ చనిపోయాయి. తొట్టి ఒక మూల చెమ్మగా కూడా ఉంటోంది. మా పాపకు తొమ్మిదేళ్లు. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇంట్లో చేపలు చావడం అరిష్టమని మా అత్తయ్యగారు అంటున్నారు. షార్కును కాలువలో వదిలి తొట్టి అమ్మేద్దామని మా వారు అంటున్నారు. రొయ్యల చెరువు చేసే మా మరిది మాత్రం "నీళ్లు సిద్ధం చేయకుండా సీడు (రొయ్య పిల్లలు) పోశారుగా" అని ఊరుకున్నారు. పాత తొట్టి కొనడమే తప్పా? ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, తొట్టి అమ్మకండి. పాతది కొనడం తప్పు కాదు. మొదటిసారి చేపలు పెంచేవారు కొత్తదానికి డబ్బు పోయడం కన్నా మీరు చేసిందే మంచి పని. మీ ఇంట్లో జరిగినదాన్ని అరిష్టం అనుకోవలసిన పని లేదని అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. ఆ చేపలు అమ్మోనియా వల్ల చనిపోయాయి. మీ మరిదిగారు అన్న ఒక్క ముక్కలో అసలు కారణం మొత్తం ఉంది. ఆయన ఊరుకున్నా మీరు ఊరుకోకుండా ఆయన్నే పట్టుకోండి. ఈ పనిలో మీకు కావలసిన పరికరాల్లో సగం ఆయన చెరువు గట్టు మీది షెడ్డులోనే ఉంటాయి.

చేప తిన్న మేతలోని మాంసకృత్తుల నుంచి అమ్మోనియా తయారై, ఎక్కువగా మొప్పల ద్వారానే నీళ్లలోకి వస్తుంది. మిగిలిపోయిన మేత, పెంట కుళ్లినా అదే వస్తుంది. కాలువలో అయితే అది కొట్టుకుపోతుంది. నాలుగు గాజు పలకల మధ్య ఎక్కడికీ పోదు. అక్కడ దాన్ని తినే బ్యాక్టీరియా ఉండాలి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత పేరుకున్నా చేపలు తట్టుకుంటాయి, వారం వారం కొన్ని నీళ్లు మార్చితే అదీ తగ్గిపోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. స్పాంజీ రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద, గాజు మీద పల్చటి జిగురు పొరలా అంటుకుని బతుకుతుంది.

అంటే మీరు కొన్న సామానులో అన్నిటికన్నా విలువైనది ఆ మురికి స్పాంజీ. భీమవరంలో అన్నాళ్లు నడిచిన ఫిల్టరులో ఈ బ్యాక్టీరియా నిండుగా ఉండి ఉంటుంది. దాన్ని వాళ్ల తొట్టి నీళ్లలోనే తడిగా ఉంచి, ఆ పూటే తెచ్చి నడిపించి ఉంటే సగం పని అయిపోయేది. సబ్బు, ఎండ కలిసి దాన్ని పూర్తిగా చంపేశాయి. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఒకరింట్లో వాడిన వస్తువును కడగకుండా ఇంట్లోకి ఎవరు తెస్తారు? ఈ సంగతి అమ్మినవారే చెప్పి ఉండాల్సింది. ఈ జవాబు చదివి పాత తొట్టి కొనబోయే మిగతా పాఠకులు దీన్ని గుర్తుంచుకోండి. బేరం ఆడేటప్పుడు గాజు, స్టాండు ఎలా చూస్తారో ఫిల్టరు ఇంకా నడుస్తోందా లేదా అన్నది కూడా అలాగే చూడండి. నడుస్తూ ఉంటే మూత ఉన్న బకెట్‌లో తొట్టి నీళ్లతో సహా పట్టుకురండి. నెలల తరబడి మూలన పడి ఎండిపోయిన ఫిల్టరయితే దాని లెక్క వేరు. దాన్ని ఎంత కడిగినా పోయేదేమీ లేదు.

రెండోది, మినరల్ వాటర్. పిల్లలు తాగే నీళ్లకన్నా మంచివి ఏముంటాయని మీరు అనుకున్నారు. కానీ వాటిని శుద్ధి చేసే ఆర్వో యంత్రం నీళ్లలోని లవణాలను చాలావరకు తీసేస్తుంది. చేపలకు కాల్షియం, మెగ్నీషియం, కొంత క్షారత కావాలి. క్షారత లేని నీళ్లలో పీహెచ్, అంటే ఆమ్ల-క్షార స్థాయి, నిలకడగా ఉండదు. తొట్టిలో ఆమ్లం తయారైన కొద్దీ పడిపోతుంది. బాగా పడిపోతే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది. ఆ నీలం మందు సంగతి కూడా చెప్పాలి. అది సాధారణంగా మిథిలీన్ బ్లూ. బూజు తెగుళ్లకు వేరే పాత్రలో వాడుకోవడానికి పనికొస్తుంది. తొట్టిలో పోస్తే అప్పుడప్పుడే పుట్టబోయే మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బ తీస్తుంది. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తుంటే మొదట చేయాల్సింది మందు వేయడం కాదు. మేత ఆపేసి, మూడో వంతు నీళ్లు తీసి క్లోరిన్ లేని మంచి నీళ్లు పోసి, గాలి పంపు గట్టిగా నడపాలి.

ఇప్పుడు మీ మరిదిగారి చెరువు దగ్గరికి వద్దాం. వనామీ రొయ్యల సాగు చేసే రైతు ఎవరూ చెరువులోకి నీళ్లు తోడిన సాయంత్రమే సీడు వదలరు. చెరువు ఎండబెడతారు, సున్నం వేస్తారు, వల సంచి కట్టి నీళ్లు తోడతారు, బ్లీచింగ్ చేసి దాని ఘాటు పోయేదాకా ఆగుతారు, ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా) వేసి నీటికి రంగు తెప్పిస్తారు, పీహెచ్, ఆల్కలినిటీ (క్షారత) చూసుకుంటారు. ఆ తర్వాతే హేచరీ (రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రం) నుంచి సీడు వస్తుంది. వచ్చాక కూడా సంచులను చెరువు నీటికి అలవాటు చేసి గానీ విప్పరు. డెల్టాలో రొయ్యల చెరువు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఈ జ్ఞానం ఉంది. అదే ఊళ్లో, అదే ఇంట్లో, గాజు తొట్టి దగ్గరికి వచ్చేసరికి దాన్ని అలంకరణ సామాను అనుకుంటున్నాం. ఎకరం చెరువులో ఒక తప్పు జరిగితే సర్దుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. మీ తొట్టిలో నిండా నింపినా పట్టేది 106 లీటర్లు. ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా 85 లీటర్ల చొప్పున లెక్క వేసుకోండి. ఇన్ని తక్కువ నీళ్లలో ఏ తప్పయినా గంటల్లోనే చేపల ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తొట్టికి చెరువు కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఆయన దగ్గర నుంచి అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఆల్కలినిటీ పరీక్షల కిట్లు తెచ్చుకోండి. లేకపోతే భీమవరం, పాలకొల్లు ఆక్వా మందుల దుకాణాల్లో దొరుకుతాయి. ఉప్పదనం చూసే సాలినిటీ మీటరును కూడా ఒక పూట అడిగి తీసుకోండి. కానీ చెరువు నీళ్లు మాత్రం తేవద్దు. అందులో మంచి బ్యాక్టీరియాతో పాటు పరాన్నజీవులు కూడా వస్తాయి, పైగా ఆ నీళ్ల ఉప్పదనం వేరు. రొయ్యల మేత కూడా వద్దు. తొట్టి చేపల నోటికి, కడుపుకి తగినది కాదు, నీళ్లను త్వరగా పాడు చేస్తుంది.

పని తొట్టితో మొదలుపెట్టండి. చెమ్మ ఉన్న మూలను పొడి బట్టతో తుడిచి, అక్కడ వార్తాపత్రిక ముక్క ఆనించి రాత్రంతా ఉంచండి. చాలాసార్లు అది మూత మీది ఆవిరి కారిన నీరే అయి ఉంటుంది. కాగితం కింది నుంచి తడిస్తే మాత్రం కారుతున్నట్టే. ఎం-సీల్ లాంటివి బయటి నుంచి అద్దితే నిలవదు. నీటి ఒత్తిడి లోపలి నుంచి బయటికి తోస్తుంది కాబట్టి అతుకు లోపలి వైపే పడాలి. నీళ్లు పూర్తిగా తీసి, ఆ మూలలోని పాత సిలికాన్‌ను బ్లేడుతో గీరి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక కొత్త సిలికాన్ పెట్టండి. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు, గీకడం దగ్గర బద్ధకించవద్దు. కొనేటప్పుడు బాత్రూములకు వాడే బూజు నిరోధక రకం తీసుకోవద్దు. అందులోని మందు చేపలకు పడదు. అక్వేరియాలకు వాడే రకం, పెట్టినప్పుడు వెనిగర్ వాసన వచ్చేది, అడిగి తీసుకోండి. వారం ఆరనివ్వండి. తర్వాత ఇంటి బయట చదునైన చోట నిండా నీళ్లు పోసి రెండు రోజులు చూడండి. గాజు మీది తెల్లటి గార వెనిగర్‌తో పోతుంది. సబ్బు ఇక ముట్టవద్దు. సబ్బులో నానిన ఆ స్పాంజీని పారేసి కొత్తది కొనండి. ఎన్ని కడుగులు కడిగినా సబ్బు దాని లోపల మిగులుతుంది, మొప్పల మీది జిగురు పొరను పాడు చేస్తుంది.

నీళ్లు, ఇసుక, గాజు అన్నీ కలిపి దాదాపు 130 కిలోల బరువు. సముద్రపు గాలికి మన వైపు ఇనుప స్టాండ్లు అతుకుల దగ్గర తుప్పు పట్టి పాడవుతాయి. నాలుగు కాళ్ల వెల్డింగు చూసి, గీకి, రంగు వేయించండి. స్టాండు మీద మందపాటి చెక్క, దాని మీద థర్మాకోల్ షీటు వేసి తొట్టి పెట్టండి. అడుగు గాజుకు ఎక్కడా ఎగుడుదిగుడు తగలకూడదు. ఒక్కసారి నీళ్లు పోశాక అంగుళం జరపాలన్నా నీళ్లు తీయాల్సిందే. నీళ్లతో ఎత్తిన తొట్టే అతుకులు విడిచేది. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెడితే నాచుతో పోరాటమే సరిపోతుంది.

రంగు రాళ్లు తీసేసి గోదావరి ఇసుక వేసుకోండి. ఇంటి పనులకు తోలించిన ఇసుక ఊళ్లో ఎవరి దగ్గరైనా తట్టెడు దొరుకుతుంది. జల్లెడ పట్టి మరీ సన్నటిది వదిలేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఒక చెంచా ఇసుక మీద వెనిగర్ వేసి చూడండి. బుడగలు వస్తే అందులో గుల్లల ముక్కలు ఉన్నట్టు. అవి నీటి పీహెచ్‌ను, గట్టిదనాన్ని పెంచుతూ పోతాయి. అంతర్వేది వెళ్లినప్పుడు పాప ఏరుకొచ్చిన గవ్వలు, బీచ్ ఇసుక అందుకే వద్దు. వాటిని అలమారులో దాచుకోమనండి.

ఇక నీళ్లు. మీ ఊళ్లో మూడు రకాలు ఉంటాయి. కాలువ నీళ్లు నేరుగా తెచ్చి పోయవద్దు. వరి చేల మందులు, జలగలు, తూనీగ పిల్లలు, చేపల రోగాలు అన్నీ అందులోనే వస్తాయి. బోరు నీళ్లు మీ ప్రాంతంలో చాలాచోట్ల ఉప్పన, వాడాలనుకుంటే ముందు మీటరుతో చూడండి. రక్షిత మంచినీటి పథకం కుళాయి నీళ్లే మీకు సరైనవి. అవి కూడా కాలువ నుంచి వచ్చినవే అయినా వడగట్టి, బ్లీచింగ్ వేసి ఇస్తారు. ఆ క్లోరిన్ పోవడానికి వెడల్పాటి టబ్బులో పోసి, గాలి రాయి (గాలి పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయి) వేసి ఒక రోజు ఉంచితే చాలు. తొందరగా కావాలంటే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు, 100 లీటర్లకు ఒక గ్రాము సరిపోతుంది. హేచరీల వాళ్లు వాడేది కూడా ఇదే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో కుళాయిలకు నిల్వ చెరువు నీళ్లు వస్తాయి. అప్పుడు బ్లీచింగ్ వాసన ఎక్కువగా ఉంటే హైపో కూడా రెట్టింపు చేయండి. గోదావరికి ఎర్రనీరు వచ్చే జూలై, ఆగస్టుల్లో ఒకేసారి ఎక్కువ నీళ్లు మార్చకుండా కొద్దికొద్దిగా మార్చుకోండి.

మినరల్ వాటర్‌కు కూడా ఒక పని ఉంది. ఎండాకాలం తొట్టిలో నీళ్లు ఆవిరై తగ్గుతాయి. పోయేది నీళ్లే, అందులోని ఉప్పులు లోపలే మిగులుతాయి. ఆ తగ్గినమేర మళ్లీ కుళాయి నీళ్లు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి. ఆవిరైన లోటు మినరల్ వాటర్‌తో పూడ్చండి, వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు కుళాయి నీళ్లు వాడండి.

తొట్టి నింపి, ఫిల్టరు రాత్రీ పగలూ నడిపించండి. చేపలు వద్దు. ఒక పచ్చి రొయ్యను చిన్న వల గుడ్డలో మూటగట్టి లోపల వేలాడదీయండి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. మీ ఊళ్లో రొయ్యకు కొదవ లేదు. వాసన కొంచెం ఉంటుంది, నీళ్లు తెల్లబడతాయి, భయపడవద్దు. మీరు మూడో రోజు చూసిన తెల్లటి మసక కూడా ఇలా కొత్త నీళ్లలో ఒక్కసారిగా పెరిగే బ్యాక్టీరియాదే. అమ్మోనియా 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) దాటితే రొయ్యను తీసేయండి. మళ్లీ తగ్గాక రోజూ చిటికెడు చేప మేత వేయండి. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యమైన చేపలున్న తొట్టి ఉంటే, వాళ్ల స్పాంజీని మీ నీళ్లలో పిండించుకోండి. మీరు కష్టపడి పెంచాలనుకునే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది, వారాలు కలిసి వస్తాయి.

ఈ పరీక్షలు పాప చేత చేయించండి. పెద్దవాళ్లు పక్కన ఉండాలి, కిట్లలోని రసాయనాలు చేతికి, కంటికి తగలకూడదు. చుక్కలు వేయడం, రంగు పట్టికతో పోల్చడం, నోటు పుస్తకంలో తేదీ వేసి రాయడం తొమ్మిదేళ్ల పిల్ల చక్కగా చేయగలదు. మొదట అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. చివరికి రెండూ సున్నాకు వస్తాయి. మన వేడికి ఇది సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల పని. సాయంత్రం చిటికెడు మేత వేసి, మర్నాడు సాయంత్రం చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. వరసగా కొన్ని రోజులు అలా వస్తేనే తొట్టి సిద్ధమైనట్టు. ఈలోగా ఆల్కలినిటీ 100 పీపీఎం దరిదాపుల్లో ఉందో లేదో కూడా చూస్తుండండి. చేపలు పోయినందుకు ఏడ్చిన పిల్లకు "వచ్చే ఆదివారం కొత్తవి కొందాం" అని చెప్పడం కన్నా ఈ పని అప్పజెప్పడం మంచిది. ఈసారి చేపలు ఎందుకు బతుకుతాయో ఆ పిల్లకు మీకన్నా ముందే తెలుస్తుంది.

పీహెచ్ గురించి ఒక్క మాట. అదే అమ్మోనియా పీహెచ్ 7 ఉన్న నీళ్లలో కన్నా 8 ఉన్న నీళ్లలో దాదాపు పది రెట్లు ఎక్కువ విషం. వేడి పెరిగినా విషం పెరుగుతుంది. అందుకే మన వైపు "కొద్దిగానే ఉందిలే" అనుకోవద్దు, సున్నానే సున్నా. చేపలు ఉండగా ఎప్పుడైనా నైట్రైట్ కనిపిస్తే, నీళ్లు మార్చడంతో పాటు లీటరుకు ఒక గ్రాము కల్లుప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను రక్తంలోకి వెళ్లకుండా అడ్డుకుంటుంది.

డెల్టాలో చేపలను చంపే మరో శత్రువు సంగతి దుకాణంవాళ్లు చెప్పరు. దోమల మందు. చుట్టలు, ప్లగ్గు ద్రవాలు, స్ప్రేలు చాలావరకు పైరిథ్రాయిడ్ జాతి మందులు. మనుషులకు చేసే హాని తక్కువ, చేపలకు, రొయ్యలకు ప్రాణాంతకం. మీ మరిదిగారిని అడగండి, చెరువు గట్టున వాటి పేరెత్తితే ఒప్పుకోరు. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నేరుగా నీళ్లలోకి పంపుతుంది. తొట్టి ఉన్న గదిలో స్ప్రే కొట్టవద్దు. చుట్ట, ప్లగ్గు కూడా వేరే గదిలో పెట్టుకోండి, లేదా దోమతెర కట్టుకోండి. పంచాయతీ వాళ్లు పొగ కొట్టడానికి వచ్చినప్పుడు కిటికీలు మూసి, తొట్టి మీద తడి బట్ట కప్పి, పొగ పోయేదాకా గాలి పంపు ఆపండి.

ఆ హీటరు తీసి పక్కన పెట్టండి. మీ ప్రాంతంలో మీరు పెంచబోయే చేపలకు దాని అవసరం లేదు. పైగా పాత హీటరు గాజు పగిలితే నీళ్లలోకి కరెంటు వస్తుంది. లైటు తీగలు ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ప్రతి తీగా సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు తీగ వెంట జారే నీటి చుక్క కింద పడిపోతుంది. నీళ్లలో చేయి పెట్టే ముందు స్విచ్చులన్నీ ఆపాలని పాపకు కచ్చితంగా నేర్పండి. ఎండాకాలం మూత తెరిచి, వల గుడ్డ కప్పి, నీటి పైభాగానికి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకుంటాయి, 32 డిగ్రీలకు అది 7 దరిదాపులకు పడిపోతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే గాలి పంపు ఒక్కటైనా నడవాలి. అది తినేది నాలుగైదు వాట్లే, ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దానికి కలపండి, లేకపోతే బ్యాటరీ పంపు ఒకటి కొని ఉంచుకోండి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లకు కరెంటు ఎన్ని రోజులు రాకుండా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో మేత వేయవద్దు. ఫిల్టరు చాలాసేపు ఆగిపోయి ఉంటే, తిరిగి నడిపే ముందు స్పాంజీని తొట్టి నీళ్లలోనే పిండి కడగండి. గాలి పంపు నీటి మట్టానికి కిందుగా ఉంటే, గొట్టంలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు కూడా పెట్టించండి.

చేపల విషయంలో నా సలహా నిక్కచ్చిగా చెబుతాను. గోల్డ్‌ఫిష్ వద్దు. అది పెద్దదవుతుంది, విపరీతంగా మలినం చేస్తుంది, మన ఎండకు బాధపడుతుంది. మీకు సరిపోయేది మోలీ. గట్టి నీళ్లు, కాస్త ఉప్పదనం, వేడి మూడింటినీ తట్టుకుంటుంది. మొదట నాలుగు మోలీలే తెచ్చుకోండి. పిల్లలు పెడుతూ పోకూడదనుకుంటే అన్నీ మగవే అడగండి. రెండు వారాలు పరీక్షలు సున్నా చూపిస్తే ఆరు జీబ్రా డానియోలు తెచ్చుకోండి. ఇవి మన ఉపఖండపు వాగుల్లో, నీళ్లు నిలిచిన పొలాల్లో పుట్టి పెరిగే చేపలే, ప్రపంచమంతటా జీవశాస్త్ర ప్రయోగశాలలు పెంచేది కూడా వీటినే. గుంపుగా తిరుగుతాయి, పాపకు చూడముచ్చటగా ఉంటాయి. ఆ తర్వాత కావాలంటే నాలుగు గప్పీలు. అంతటితో ఆపండి. తెచ్చిన రోజు సంచిని తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు అందులో పోస్తూ అలవాటు చేసి, చేపలను వలతో తీసి వదలండి. దుకాణం నీళ్లు తొట్టిలో పోయవద్దు. మేత రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే. వారానికి 20 లీటర్లు మార్చండి. స్పాంజీని కుళాయి కింద ఎప్పుడూ కడగవద్దు, తీసిన పాత నీళ్లలో పిండితే చాలు.

చివరిగా ఆ షార్కు. అది షార్కు కాదమ్మా. అక్వేరియం దుకాణాలు ఆ పేరుతో అమ్మేది చాలావరకు పంగాసియస్. కొల్లేరు చుట్టూ, కైకలూరు వైపు చెరువుల్లో ఫంగస్ అని పెంచి లారీలకు ఎక్కించే చేపే. నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే మిగతావి పోయినా అది నిలబడింది. కిలోలకొద్దీ పెరుగుతుంది, మీ తొట్టి దానికి ఏడాది కూడా చాలదు. రొయ్య కుళ్లే ఈ నెలా దాన్ని తొట్టిలో ఉంచకూడదు. అలాగని కాలువలో వదలవద్దు, మీ వారికి గట్టిగా చెప్పండి. అది మెకాంగ్ నది చేప, మన కాలువలది కాదు. తొట్టి నుంచి కాలువలోకి పోయేవి చేపతో పాటు దాని రోగాలు కూడా. అద్దం శుభ్రం చేస్తుందని దుకాణంలో అంటగట్టే సక్కర్ చేపను కూడా ఈ కారణంతోనే కొనవద్దు. అది అడుగుకు మించి పెరుగుతుంది, జనం విసిగి బయట వదిలేస్తారు, జాలర్ల వలలు చింపుతుంది. తూర్పు కనుమల జలాశయాల్లో అది ఎంతగా వ్యాపించిందో హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ జాడలతో పట్టుకున్నారు. మీ షార్కును ముందు దుకాణానికి తిరిగి ఇవ్వజూపండి. వాళ్లు తీసుకోకపోతే, ఫంగస్ సాగు చేసే రైతు ఎవరైనా తెలుసేమో మీ మరిదిగారిని కనుక్కోమనండి. అంతవరకు మూత ఉన్న పెద్ద టబ్బులో, క్లోరిన్ తీసిన నీళ్లలో, గాలి రాయి వేసి ఉంచండి. రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి, మేత చాలా తక్కువ వేయండి. మూత మీద బరువు పెట్టడం మరవద్దు, ఆ చేప ఎగిరి దూకుతుంది.